గీతలు కలిసే వైపు

సత్రం నుంచి
సెప్టెంబరు 2

చంటీ,

నలభై ఎనిమిదేళ్ళొచ్చినా నాకు నువ్వు చంటివాడివే, కోపం తెచ్చుకోకు. దగ్గు తగ్గిందా? చెక్కేటప్పుడు రాతిపొడి గొంతులోకి పోకుండా మూతికి గుడ్డ కట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అవుతోంది.

అసలు సంగతికి వస్తాను. మీ బావ మొన్న శనివారం పొద్దున సంచీ భుజాన వేసుకుని బస్సెక్కి నీ ఊరికి బయలుదేరారు. అక్కడి నుంచి యాత్రికుల దారిలో నడుచుకుంటూ తిరిగి ఇక్కడికి, ఈ సముద్రపు ఒడ్డు మందిరానికి వస్తారట. పద్నాలుగు రోజుల నడక. ముప్ఫై ఏళ్ళు బళ్ళో సైన్సు చెప్పి, దేవుడి మాట ఎత్తితే చిన్నగా నవ్వి ఊరుకునే మనిషికి అరవై మూడో ఏట యాత్ర ఏమిటి? సత్రంలో నాకు సాయం చేస్తూ రోజూ యాత్రికులను చూసి చూసి ఆశ పుట్టిందని అందరికీ చెబుతున్నాను. నీకు మాత్రం నిజం చెబుతాను. గొడవైంది.

గురువారం ముప్ఫైమందికి పాలు కాచి, గిన్నె దించి పొయ్యి పక్కన పెట్టాను. ఆయన వంటింట్లోకి వచ్చి తిన్నగా దాన్నే తన్నుకున్నారు. పాలన్నీ నేలపాలు. అంతకుముందు వారం రెండు గ్లాసులు, దానికి ముందు నూనె సీసా. "కళ్ళున్నాయా లేవా మీకు?" అన్నాను. గుమ్మంలో యాత్రికులు నిలబడి వింటున్నారు. ఆయన గుడ్డ తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టారు, అదీ పాలు లేని చోట. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

వెళ్ళే ముందు తన ఆల్చిప్పను విడదీశారు. నీకు గుర్తుందిగా, విసనకర్రలా గీతలుండేది, బళ్ళో పిల్లలకి చూపించేవారు. ఇన్నేళ్ళూ రెండు చిప్పలూ ఒకదానికొకటి అతుక్కునే ఉండేవి. చదునుగా ఉన్న చిప్పను యాత్రికులందరిలాగే సంచీకి కట్టుకున్నారు. గుంటగా ఉన్నదాన్ని నా ఉప్పుజాడీ పక్కన పెట్టి పోయారు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం చేస్తే నా చేతికి చిప్ప మిగిలిందన్నమాట. ఉన్నదాన్ని రెండు ముక్కలు చేసి వెళ్ళిన మనిషి ఏం చెప్పదలుచుకున్నట్టు?

నీ దగ్గర ఆగుతానన్నారు. నువ్వు చెక్కిన దారిరాళ్ళు చూడాలట. వేసవిలో నువ్వు అడిగితే, దారి చూపడానికి రాళ్ళ మీద చిప్పను ఎటు తిప్పి చెక్కాలో నేనే రాశాను కదా, అలాగే చెక్కావా? సరే, ఆయన వస్తే నాలుగు మంచి మాటలు చెప్పి బస్సెక్కించి వెనక్కి పంపు.

నీ అక్క

అన్నట్టు, ఆ అరిగిపోయిన చెప్పులే వేసుకెళ్ళారు. కొత్తవి కొనిపెట్టు.


సెప్టెంబరు 7

అక్కా,

మూతికి గుడ్డ కట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. నమ్మకపోతే వచ్చి చూసుకో.

బావగారు క్షేమంగా వచ్చారు. నీ ఉత్తరం అందేసరికి ఇక్కడే ఉన్నారు. నిన్న తెల్లారగానే నడక మొదలుపెట్టారు. ఆపలేదా అని నన్ను అడగకు. ఆయన మెత్తగా "వెళ్తాను చంటీ" అంటే ఆపగలిగినవాళ్ళు మన ఇంటా వంటా ఎవరున్నారు? కొత్త చెప్పులు కొన్నాను. కరుస్తాయని సంచీలో పెట్టుకుని పాతవే వేసుకున్నారు.

ఉన్న ఐదు రోజులూ పొద్దస్తమానం నా పనిచోటులోనే గడిపారు. కొండకి ఇవతలి వైపు, కనుమ దాకా పాతాల్సిన ఇరవై రెండు రాళ్ళూ జూలైలోనే వెళ్ళిపోయాయి. మూల విరిగిందని పక్కన పడేసిన రాయి ఒకటి ఇక్కడే ఉంది. బావగారు దాని ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఒక్కొక్క గీతనీ వేలితో తడిమి చూశారు. "గీతలన్నీ ఒకచోట కలిసే కొన దారి వైపు ఉంటుంది, అంతేనా?" అని మూడుసార్లు అడిగారు. అంతే అన్నాను. "బాగుంది. ఎక్కడెక్కడి వాళ్ళో చివరికి మన మందిరం దగ్గర కలుస్తారు" అన్నారు. అక్కా, ముప్ఫై ఏళ్ళ నుంచి చెక్కుతున్నాను, నా పనిని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు.

మేము ఇప్పుడు వేరే ఊరి మందిరానికి విగ్రహం గూడు చెక్కుతున్నాం. గూడు పైన కూడా ఇదే చిప్ప, తలకిందులుగా. దేవుడి తల వెనక ఇది దేనికని బావగారు మా మేస్త్రిని అడిగారు. "గుండ్రంగా వంపు తిరిగిన రాయిని గీతలు పట్టుకుంటాయి మాస్టారూ, దేవుడు వద్దన్నా మాకు కావాలి" అన్నాడు మేస్త్రి. బావగారు పడీ పడీ నవ్వారు. సముద్రంలో ఆ ప్రాణి కూడా అందుకే గీతలు వేసుకుంటుందట, పల్చటి చిప్ప విరగకుండా. ఇంకో సంగతి చెప్పారు. దానికి రెండు వందల దాకా కళ్ళుంటాయట. ఒక్కటీ నడిమధ్యన ఉండదు, అన్నీ అంచు చుట్టూనే. "అంచుల్లోంచే లోకమంతా చూసి, చప్పట్లు కొట్టినట్టు చిప్పలు ఆడించుకుంటూ ఈదుకుంటూ పోతుంది చంటీ. బతకడానికి అంచులు చాలు" అన్నారు.

నీ మీద కోపం లేదని నాతోనే అన్నారు. ఇరవయ్యో తారీఖుకి నీ గుమ్మంలో ఉంటారు. మనసు పాడుచేసుకోకు.

చంటి


సెప్టెంబరు 14

తమ్ముడికి,

కోపం లేని మనిషి ఇల్లు వదిలి పోడు. నాకు నీతులు రాయకు. బావా బావమరదులు ఇద్దరూ తోడుదొంగలు. ఆయన్ని పంపమన్నది ఇంటికి, కొండ మీదికి కాదు.

నిన్న ఒక దర్జీ ఆవిడ వచ్చింది. కనుమ కింద మీ బావను చూసిందట, అక్కడి నుంచి తను బస్సులో వచ్చేసింది. పొడుగాటి కర్ర పట్టుకుని ప్రతి దారిరాయి దగ్గరా ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులతో ఆ చిప్పను నిమురుతున్నారట. "ఇంత భక్తి నేనెక్కడా చూడలేదమ్మా, నాకు కన్నీళ్ళొచ్చాయి" అంది. అన్నం వడ్డిస్తున్న గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. భక్తా, ఆయనకా? మందిరంలో పూజారి అలాంటి చిప్పతోనే నీళ్ళు ముంచి యాత్రికుల తల మీద పోస్తుంటే, "ఉప్పునీళ్ళలో పుట్టినదానికి మంచినీళ్ళ పని" అని నవ్వే మనిషి! అయితే ఆయన అన్నీ వదిలేసుకుంటున్నారన్నమాట. ముందు నన్ను, తర్వాత తన నవ్వును.

భోజనాల గది గోడ మీద ఎవరో యాత్రికుడు వేసిన బొమ్మ ఉంది, పెద్ద చిప్పలో నిలబడి ఒక అమ్మాయి ఒడ్డుకి వస్తున్నట్టు. అందరూ ఆ అమ్మాయిని చూసి ఎంత బాగుందో అంటారు. రెండో చిప్ప ఏమైందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నిన్న దాని కింద బల్ల తుడుస్తూ నేను అడిగాను, గట్టిగానే. యాత్రికులు నన్ను వింతగా చూశారు.

ఒక పని చేశాను, తప్పో ఒప్పో. తన చిప్ప దారిలో పగిలిపోయిందని ఒక పిల్ల ఏడుస్తూ వచ్చింది. ఉప్పుజాడీ పక్కనున్నది తీసి దాని చేతిలో పెట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే, ఒప్పుకుంటాను. ఆ పిల్ల మర్నాడే బస్సెక్కి వెళ్ళిపోయింది. జాడీ పక్కన చోటు బోసిగా ఉంది. ఉండనీ.

నువ్వు నాకు ఏదో చెప్పడం లేదు. నీకు మూడేళ్ళప్పుడు అమ్మ పోతే, నిన్ను చంకన వేసుకుని బడికి వెళ్ళాను. నీ ఉత్తరంలో ఏది దాచావో నాకు తెలీదు కానీ, దాచావని తెలుసు.

అక్క


సెప్టెంబరు 19

అక్కా,

పనిలో ఊపిరి సలపడం లేదు, అందుకే ఆలస్యం. దగ్గు తగ్గింది. గూడు పని సగం అయింది.

బావగారు వచ్చారా? ఇంకా ఒక రోజుంది కదా, రేపు వస్తారు. రాగానే టెలిగ్రాం ఇవ్వు, ఆలస్యం చేయకు. కనుమ దాటి వచ్చిన యాత్రికులు ఎవరైనా అక్కడి దారిరాళ్ళ గురించి ఏమన్నా అన్నారా? ఊరికే అడుగుతున్నాను. దారితప్పడం లాంటిదేమీ ఉండదులే. చీలిక ఉన్న ప్రతిచోటా తెల్లరంగు బాణాలతో బోర్డులు పెట్టారు. అందరూ వాటిని చూసే నడుస్తారు.

నాకు రేపటి నుంచి కొండ మీద కొంచెం పని పడింది. నాలుగు రోజులు ఊళ్ళో ఉండను.

చంటి

ఆ చిప్పను తీసుకెళ్ళిన పిల్లది ఏ ఊరో తెలుసా?


సెప్టెంబరు 24

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. దారి తప్పడం మాట నేను ఎత్తానా? ఎత్తింది నువ్వు.

ఆయన రాలేదు. ఇరవై పోయింది, ఇరవై నాలుగు వచ్చింది. ఆయన తర్వాత మూడు రోజులకి బయలుదేరిన ముసలి దంపతులు నిన్న వచ్చి నీళ్ళు పోయించుకుని నిద్రపోతున్నారు. కనుమ ఇవతల వాళ్ళకి ఆయన ఎక్కడా కనపడలేదు. వచ్చిన ప్రతివాడి సంచీ వైపు చూస్తున్నాను, చదును చిప్ప కోసం. వాళ్ళు పళ్ళేలు ముందు పెట్టుకుని కూర్చుంటే వడ్డించడం మర్చిపోయి సంచులు చూస్తున్నాను. మందిరం పూజారి "మీరు కూర్చోండమ్మా" అని గరిటె లాక్కున్నారు.

కొండ మీద రాతిపనివాడికి నాలుగు రోజుల పని ఏం పడింది? అక్కడి రాళ్ళ సంగతి ఎందుకు అడిగావు? ఆయన ప్రతి రాయినీ ఎందుకు తడిమారు?

కాలయాపన చేయకు. నాకు మంచి అబద్ధం వద్దు, చెడ్డ నిజం రాయి.


సెప్టెంబరు 27

అక్కా,

నిన్న సాయంత్రం కొండ దిగి వచ్చేసరికి నీ ఉత్తరం గుమ్మంలో పడుంది. రేపు పొద్దున మళ్ళీ ఎక్కుతున్నాను. బావగారు దొరకలేదు. ముందు అది చెప్పేశాను. ఇప్పుడు మిగతాది.

బావగారికి చూపు పోతోంది. నడిమధ్య చూపు ఒక కంటిలో పూర్తిగా పోయింది, రెండోదానిలో పోతోంది. తిన్నగా చూస్తే ఎదురుగా ఉన్నది కనపడదు, పక్కల మాత్రం మసగ్గా తెలుస్తుంది. వేసవికి ముందే డాక్టరు చెప్పాడు. దానికి మందు లేదట. నీకు చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నారు. "మీ అక్క తిడితే భరిస్తాను చంటీ, జాలిపడితే భరించలేను. ఒంటరిగా ఈ దారి నడిచి ఇంటికొస్తే, అప్పుడు చెబుతాను. చూశావా, నేను ఎవరికీ బరువు కాదు అని అప్పుడు చెబుతాను." ఇదీ ఆయన అన్నది. పాలగిన్నె సంగతి నీ ఉత్తరంలో చదివి, ఆ కాగితం ఆయనకి వినిపించకుండా జేబులో పెట్టుకున్నాను.

ఇక రాళ్ళు. పదిహేడో తారీఖున కొండదారి మరమ్మతులు చూసేవాడు నా దగ్గరికి వచ్చి, "నీ చిప్పలన్నీ తిరగబడ్డాయి" అన్నాడు. సముద్రం దగ్గర గీతలు కలిసే కొన దారి చూపుతుంది. కొండ మీద అలా కాదట. వందేళ్ళ నుంచీ అక్కడ గీతలు విచ్చుకునే వైపే దారి. ఎందుకంటే కనుమ ఎక్కగానే సముద్రం ఒక్కసారిగా అలా విచ్చుకుని కనిపిస్తుందట. నాకు నమూనాగా ఇచ్చింది అరిగిపోయి పెకలించిన రాయి, అది ఎటు చూస్తూ నిలబడిందో ఎవరికీ తెలీదు. నువ్వు రాసినట్టే చెక్కాను అక్కా. నిన్ను అనడం లేదు. అంటున్నానేమో కూడా, ఈ ఆరు రోజులూ కొండ మీద నిన్నూ నన్నూ ఇద్దరినీ తిట్టుకున్నాను.

కళ్ళున్నవాళ్ళు బాణాలు చూసి పోతున్నారు. రాళ్ళ మీది చిప్ప వాళ్ళకి దణ్ణం పెట్టుకోవడానికే. ఆ చిప్పలను నమ్మి నడిచింది ఆయన ఒక్కరే. కనుమ దాకా ఇరవై రెండు రాళ్ళూ నావి, ఆయన వేళ్ళకి పాఠం చెప్పాయి. కనుమ దాటగానే మొదటి చీలికలో పాత రాయి ఉంది. ఆ రాయి ముందు కూర్చుని కళ్ళు మూసుకుని తడిమి చూశాను. గీతలు కలిసే కొన ఎడమ లోయలోకి చూపిస్తోంది. బురదలో కర్ర గుచ్చిన గుర్తులు అటే పోయాయి. కొంతదూరం వెళ్ళాక దారి మేకల కాలిబాటలుగా చీలిపోయింది, వాన పట్టుకుంది, వాగు పొంగి దాటలేకపోయాను. రేపు ఆ మరమ్మతులవాడూ నేనూ తాళ్ళు తీసుకుని వెళ్తున్నాం.

ఇంకొకటి కూడా దాచాను. దాచలేదు, మర్చిపోయాను, అది ఇంకా ఘోరం. "ఉప్పుజాడీ దగ్గర పెట్టిన చిప్పను జాగ్రత్తగా ఉంచమని మీ అక్కకి రాయి" అన్నారు. ఏ రెండు చిప్పలు పుట్టుకతో జంటో అవే అతుకుతాయట, లోకంలో ఇంకే చిప్పా దానికి సరిపోదట. అందుకే ఒకటి నీ దగ్గర పెట్టి వెళ్ళారు. తిరిగి వస్తానని చెప్పడం అది. నేను గూడు గురించీ మేస్త్రి గురించీ పేజీలు నింపాను, ఆ ఒక్క మాట రాయలేదు.

నన్ను ఏమన్నా పడతాను.

చంటి


అక్టోబరు 3

చంటీ,

కొండ మీద ఆ మరమ్మతులవాడి గుడిసెకి ఇచ్చిన టెలిగ్రాం అందే ఉంటుంది. అయినా మళ్ళీ రాస్తున్నాను: ఆయన వచ్చారు. బతికే ఉన్నారు. నువ్వు కొండ దిగి ఇంటికి పో, పొడిబట్టలు కట్టుకో.

సోమవారం మధ్యాహ్నం సున్నం బండి ఒకటి సత్రం ముందు ఆగింది. ఆ ఎడమ లోయ అడుగున చిప్పలు కాల్చి సున్నం చేసే బట్టీలున్నాయట. కాలు మడతపడి వాగు ఒడ్డున కూర్చుంటే బట్టీవాళ్ళు చూసి మోసుకెళ్ళారు. రెండు వారాలు వాళ్ళ దగ్గరే ఉంచుకుని, కాలు వాపు తగ్గాక, వాగు తీసిన రోజున బండిలో తెచ్చి దించారు. తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి సున్నం. కర్ర తాటించుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చారు. నేను మూడడుగుల దూరంలో ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆయన నా ముఖం వైపే తిన్నగా చూస్తూ, "అమ్మా, ఇంటావిడ ఉన్నారా? ఆయన వచ్చాడని చెబుతారా?" అన్నారు.

అప్పుడు తెలిసింది. నీ ఉత్తరం చదివినప్పుడు కాదు.

నేను ఏడిస్తే జాలి అనుకుంటారని, "గుమ్మంలో సున్నం అంతా రాలుస్తున్నారు, అక్కడే నిలబడండి" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నా తిట్టు కోసం ఒక మనిషి అలా వెలిగిపోవడం ఎప్పుడూ చూడలేదు. నీళ్ళు తోడి పోశాను. తల మీద నీళ్ళు పడుతుంటే, "చిప్పతో పోస్తేనే పుణ్యం" అన్నారు. ఆ నవ్వు ఎక్కడికీ పోలేదు.

నీ మీద కోపం ఉంది, అది ఉంటుంది. కానీ నీకొకటి చెప్పాలి. వేసవిలో నువ్వు అడిగినప్పుడు నేను ఎవరినీ అడగలేదు. మీ బావను కూడా అడగలేదు. పొయ్యి మీద కూర మాడుతోంది. కిటికీలోంచి మన గేటు దగ్గరి రాయి చూసి, గీతలు కలిసే వైపు అని ఒక్క ముక్క రాసి కవరు అంటించాను. కొండ సంగతి నాకెలా తెలుసు? నేను ఏ దారీ నడిచినదాన్ని కాదు. కాబట్టి ఆ ఇరవై రెండూ మళ్ళీ చెక్కడానికి నువ్వు పోతే, నేనూ వచ్చి అక్కడ నీకు వండిపెడతాను. నేను రానని అన్నా ఒప్పుకోకు.

ఇంట్లో ఇప్పుడు ఏ వస్తువూ చోటు మారదు. గిన్నెలన్నీ గోడ వారగా ఉంటాయి. ఆయనకి తెలియకుండా చేస్తున్నాననుకుంటున్నాను. ఆయనకి తెలుసు.

రెండో రోజు సంచీలోంచి చదును చిప్ప తీసి, "మన రెండోది ఇవ్వు" అన్నారు. అంతకుముందే, నీ ఉత్తరం అందిన రోజున, చేపల బజారుకి పరిగెత్తి ఒక గుంట చిప్ప వెతికి తెచ్చాను. అదే రంగు, అంతే పెద్దది. ఉప్పుజాడీ పక్కన పెట్టాను. దాన్నే తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన రెండూ దగ్గర పెట్టి, కలిసే కొనను బొటనవేలితో ఒకసారి, అంచు చుట్టూ ఒకసారి, నెమ్మదిగా తడిమారు. నీ రాళ్ళను తడిమిన వేళ్ళే కదా, అవి మోసపోవు. చాలాసేపు తడిమారు.

తర్వాత రెండూ కలిపి పట్టుకుని నా వైపు తిరిగి, "సరిపోయింది" అన్నారు.

నాకు కళ్ళున్నాయి కదా తమ్ముడూ. సరిపోలేదు.

అక్క